పైకప్పు తట్టి చూసే విద్య

మా బాపు బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. షిఫ్టు మొదలయ్యేటప్పుడు తన కింది వాళ్లు అడుగు పెట్టకముందే తను పోయి చోటు చూసి రావాలి. చేతిలో కర్ర ఉంటుంది. దాంతో నెత్తిమీది బండను తట్టాలి, చెవి ఒగ్గి వినాలి. ఖంగుమంటే బండ గట్టిది. డొల్లగా మోగితే లోపల పొర విడిపోయినట్టు. దాని కింద మనిషిని నిలబెట్టకూడదు. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, "ఎట్ల తెలుస్తది బాపూ?" అని. "బండ అబద్ధమాడదు బిడ్డా, మనమే తట్టకుండ పోతం" అన్నాడు.

ఉస్మానియాలో ఎం.ఏ. సంస్కృతంలో చేరాక న్యాయదర్శనం పాఠం మొదలైంది. న్యాయం అంటే కోర్టు సంగతి కాదు, గౌతముడి తర్కశాస్త్రం. ఆ శాస్త్రానికి మూడు మెట్లున్నాయని మొదటి రోజే చెప్పారు: ఉద్దేశం, లక్షణం, పరీక్ష. ముందు వస్తువు పేరు చెప్పాలి. తర్వాత దాని లక్షణం చెప్పాలి. ఆ పైన ఆ లక్షణం నిలుస్తుందో కూలుతుందో తట్టి చూడాలి. మూడో మాట చెవిన పడగానే నాకు బాపు కర్ర గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి నేను ఈ విద్యకు దాసోహం. ఈ వ్యాసంలో పక్షపాతం కనిపిస్తే అది నిజమే, దాచుకోను.

నెలకు రెండు ఆదివారాలు మంచిర్యాల వచ్చి, తొమ్మిది పది తరగతుల పిల్లలను కూర్చోబెట్టుకుని ఈ విద్యలోంచి నాకు పట్టుబడినంత చెబుతున్నాను. శ్లోకాలు బట్టీ పట్టించను. వాదించడం నేర్పుతాను. "సంస్కృతం చదివితే పూజలు చేయిస్తరా అక్కా?" అని మొదటి రోజు ఒకడు అడిగాడు. "కాదురా, కొట్లాడుడు నేర్పిస్త" అన్నాను. రెండో వారానికి పిల్లలు రెట్టింపయ్యారు.

గౌతమి గట్టున

మా గోదావరికి గౌతమి అని ఇంకో పేరుంది. గౌతమ మహర్షి తపస్సు వల్ల వచ్చింది కాబట్టి ఆ పేరని పురాణం. న్యాయసూత్రాలు చెప్పినవాడూ గౌతముడే. ఇద్దరూ ఒకరేనని మా వైపు పెద్దవాళ్లు అంటారు. పండితులు తల అడ్డంగా ఊపుతారు. నాకైతే ఇద్దరూ ఒకరనుకోవడమే ఇష్టం. తర్కం చదివే మనిషి ఇలా మాట్లాడకూడదని తెలుసు. నది మీది ప్రేమకు హేతువు అడగవద్దు.

మంచిర్యాల నుంచి నది దాటితే రామగుండం, గోదావరిఖని. కాస్త కిందికి పోతే మంథని. పాత పేరు మంత్రకూటం. వేదపండితుల ఊరని దానికి పేరు, అక్కడ గోదావరి ఒడ్డునే గౌతమేశ్వరుడి గుడి ఉంది. పి.వి.నరసింహారావు 1957 నుంచి ఇరవై ఏళ్లు శాసనసభకు నెగ్గింది ఆ మంథని నుంచే. నదికి ఎగువన ధర్మపురి, నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ఊరు. దిగువన చెన్నూరు, అక్కడ గోదావరి ఉత్తరానికి తిరుగుతుంది. పెద్దపల్లి జిల్లాలో ధూళికట్ట ఉంది, శాతవాహనుల కాలం నాటి బౌద్ధ స్తూపం. బొగ్గు పొరల మీద ఇంత చదువు పేరుకుని ఉంటే, మా పిల్లలకు తెలిసిన చారిత్రక స్థలం మాత్రం హైదరాబాదు చార్మినార్ ఒక్కటే.

ధూళికట్ట పేరు ఊరికే తీయలేదు. తర్కం ఒక్క బ్రాహ్మణ అగ్రహారాల సొత్తు కాదు, బౌద్ధులది కూడా. నాగార్జునుడి 'విగ్రహవ్యావర్తని' మొదటి నుంచి చివరి దాకా వాదమే. ఎదుటివాడి ఆక్షేపణలన్నీ ముందు చెప్పి, తర్వాత ఒక్కొక్కదానికీ జవాబిస్తాడు. దిఙ్నాగుడు హేతువుకు మూడు పరీక్షలు పెట్టాడు: నువ్వు మాట్లాడుతున్న చోట ఆ హేతువు ఉండాలి, అలాంటి చోట్లా ఉండాలి, అలాంటివి కాని చోట్ల ఉండకూడదు. ఈ మూడు ముక్కలు ఎనిమిదో తరగతి పిల్లకు పది నిమిషాల్లో ఎక్కుతాయి. మన టీవీ యాంకర్లకు పదేళ్లయినా ఎక్కలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

దీపం మీద నీలి టోపీ

పాఠం ఎలా చెబుతానో చెప్పాలి. న్యాయశాస్త్రంలో ఒకరికి ఒక విషయం నమ్మకం కలిగించాలంటే ఐదు వాక్యాలు కావాలి: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. పుస్తకంలో ఉదాహరణ కొండ మీది పొగ: కొండ మీద నిప్పుంది, పొగ కనిపిస్తోంది కాబట్టి, ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పుంటుంది వంటింట్లో లాగా. వెయ్యేళ్లకు పైగా ఇదే కొండ, ఇదే పొగ. గ్యాసు పొయ్యిల ఇళ్లలో పుట్టిన పిల్లలకు వంటింటి పొగ ఏం తెలుస్తుంది? అందుకని నేను బాయిలోకి తీసుకుపోతాను.

బాయిలో మీథేన్ గ్యాసు ఉందో లేదో చూడటానికి సేఫ్టీ ల్యాంపు వాడేవాళ్లు. వత్తి బాగా తగ్గించి పట్టుకుంటే, గ్యాసు ఉన్న చోట మంట చుట్టూ పైన నీలిరంగు టోపీలాగా పడుతుంది. టోపీ ఎంత ఎత్తు పెరిగితే గ్యాసు అంత ఎక్కువ. ఇక ఐదు వాక్యాలు కట్టండి అంటాను. ఇక్కడ గ్యాసుంది, ఇది ప్రతిజ్ఞ. మంట మీద నీలి టోపీ పడింది కాబట్టి, ఇది హేతువు. ఎక్కడ నీలి టోపీ పడితే అక్కడ గ్యాసుంటుంది, నిన్న ఆ పక్క గ్యాలరీలో చూసినట్టు, ఇది ఉదాహరణ. ఈ దీపం మీదా అట్లాగే పడింది, ఇది ఉపనయం. అందుచేత ఇక్కడ గ్యాసుంది, ఇది నిగమనం. పిల్లలు నోరు తెరిచి వింటారు. వాళ్ల తాతలు, తండ్రులు ఐదు వాక్యాలూ ఒక్క చూపులో కట్టి, "బయటికి నడువుండ్రి" అన్నవాళ్లే. తమ ఇంట్లో ఇంత శాస్త్రం ఉందని వాళ్లకు అప్పుడు తెలుస్తుంది.

తర్వాతి పాఠం ఇంకా రుచిగా ఉంటుంది. పొగ ఉంటే నిప్పుంటుంది సరే, నిప్పుంటే పొగ ఉంటుందా? పుస్తకంలో జవాబు ఎర్రగా కాలిన ఇనుప గుండు. నిప్పుంది, పొగ లేదు. మా పిల్లలు ఇనుప గుండు దాకా పోనక్కర లేదు. చలికాలం ఇంటి ముందు కుంపట్లో నిప్పుకణికలైన బొగ్గును చూసినవాళ్లే. పొగ రావాలంటే నిప్పు చాలదు, తడి కట్టె కూడా కావాలి. ఈ దాగి ఉన్న షరతును శాస్త్రం 'ఉపాధి' అంటుంది. ఉద్యోగం అనే అర్థంలో కాదు, పిల్లలారా, అని చెబితే నవ్వుతారు. మనం రోజూ చెప్పే సగం కారణాల కింద ఇలాంటి తడి కట్టె ఒకటి దాక్కుని ఉంటుంది. దాన్ని బయటికి లాగడమే తార్కికుడి పని.

డొల్ల బండల జాబితా కూడా శాస్త్రమే ఇచ్చింది. వాటి పేరు హేత్వాభాసలు, హేతువులా కనిపించే మోసాలు. ఐదు. హేతువు అటూ ఇటూ రెండు వైపులా తిరిగితే సవ్యభిచారం. నువ్వు అనుకున్నదానికి ఎదురు తిరిగితే విరుద్ధం. సమాన బలంతో ఎదురు హేతువు నిలబడితే సత్ప్రతిపక్షం. హేతువే అక్కడ లేకపోయినా, అసలు ఆ చోటే లేకపోయినా అసిద్ధం. ఆకాశంలో పూసిన తామర మంచి వాసన వేస్తుంది అన్నట్టు. ప్రత్యక్షంగా కనిపించేదే కాదంటే బాధితం. నిప్పు చల్లగా ఉంటుంది అన్నట్టు.

ఒక ఆదివారం పిల్లలు మాట వినడం లేదని విసుక్కుని, "ఫోన్ చూసే పిల్లలకు చదువు రాదు, ఫెయిలైన ప్రతివాని చేతిలో ఫోనుంది చూడుండ్రి" అన్నాను. వెనక వరుసలో ఒక చిన్నది చెయ్యెత్తింది. "పాసైనోళ్ల చేతిల గుడ ఉన్నది గదా అక్కా. సవ్యభిచారం." నేను కుర్చీలో కూలబడ్డాను. ఆ రోజు ఓడిపోయినంత ఆనందం నాకు ఏ పరీక్ష పాసైనప్పుడూ కలగలేదు.

ఎదుటివాడి మాట ఎదుటివాడి కంటే బాగా

ఈ సంప్రదాయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పూర్వపక్షం. నువ్వు ఖండించదలచుకున్న మాటను ముందు నువ్వే చెప్పాలి. ఎలా? ఎదుటివాడు విని, "ఔను, నేను చెప్పాలనుకున్నది ఇదే, నాకంటే బాగా చెప్పావు" అనేలా. ఎదుటివాడి మాటను సభకు అర్థమయ్యేలా మూడుసార్లు చెప్పినా నువ్వు తిరిగి చెప్పలేకపోతే వాదం నువ్వు ఓడినట్టే. దాని పేరు అననుభాషణం. వాదంలో ఓటమి చోట్లను నిగ్రహస్థానాలంటారు, మొత్తం 22. ఎదుటివాడి మాట వినకపోవడం కూడా ఓటమిలో లెక్క అని చెప్పిన చదువు ఇంకెక్కడుంది చెప్పండి.

గురుకులంలో ఇది ఒక దినచర్య. ఉదయం పాఠం, సాయంత్రం చింతన. చదివినదాన్ని సాటి విద్యార్థులు ముందేసుకుని కొట్లాడుకుంటారు. పెద్ద సభల్లో జరిగేది వాక్యార్థం: ఒకరు విషయం పెడతారు, ఒకరు పూర్వపక్షం చేస్తారు, సిద్ధాంతం నిలబడుతుందా లేదా అని మిగతావాళ్లు చూస్తారు. ఇక శలాకా పరీక్ష ఒకటుంది. తాటాకు కట్టలో ఒక పుల్ల దూర్చి, ఏ ఆకు తెరుచుకుంటే అక్కడి నుంచి వివరించాలి. సిలబస్ లేదు, ముఖ్యమైన ప్రశ్నలు లేవు. పుల్ల ఎక్కడ దిగితే అక్కడ.

మంథని వైపు ఒక పెద్దాయన దగ్గర సెలవుల్లో పాఠానికి పోయేదాన్ని. పేరు రాస్తే కోప్పడతారు. చూపు మందగించింది. ముక్తావళి అనే తర్కగ్రంథం నా చేతిలో పెట్టి, "ఎక్కడైనా తియ్యమ్మా" అనేవారు. ఎక్కడ తీసి రెండు మాటలు చదివినా చాలు, ఆ వాక్యం ముందేముందో వెనకేముందో, దాని మీద ఎవరు ఏ ఆక్షేపణ చేశారో, దానికి జవాబేమిటో ధారగా చెప్పుకుపోయేవారు. మధ్యలో కాఫీ చల్లారిపోయేది. నేను తప్పు చదివితే కళ్లు మూసుకునే, "అది తృతీయా విభక్తి, నువ్వు ప్రథమ చేశావు" అనేవారు. అట్లాంటి జ్ఞాపకం ముందు మా ఫోన్లలోని నిల్వ ఏ మూలకు?

తర్కం, వాదం అంటే జనం ముఖం చిట్లిస్తారు. గౌతముడే ఆ భయం తీర్చాడు. మాటల పోరును మూడు రకాలుగా విడదీశాడు. సత్యం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడిని పడగొట్టడానికే చేసేది వితండం. వితండవాదం అనే మాట తెలుగింట్లో అమ్మమ్మకూ తెలుసు. అసలు వాదం అనే మాటకే మనం అర్థం మరిచాం.

దిగ్గజాలు

ఈ విద్యలో మనవాళ్లు చేసిన ఘనకార్యాలు చెప్పడం మొదలుపెడితే నన్ను ఆపడం కష్టం. దేశమంతటా తర్కంలో చేరిన పిల్లవాడి చేతిలో పెట్టే మొదటి పుస్తకం 'తర్కసంగ్రహం'. రాసింది అన్నంభట్టు, మన తెలుగువాడు, కాశీకి పోయి స్థిరపడ్డాడు. కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని పండితుల్లో ఒక సామెతే పుట్టింది. ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే, గొప్పగా రాయకపోవడం. పిల్లలకు సుఖంగా బోధపడాలని మొదట్లోనే చెప్పుకుని, ఏడు పదార్థాలనూ నాలుగు ప్రమాణాలనూ అరచేతిలో పట్టేంత పుస్తకంలో పెట్టాడు. దానికి తనే 'దీపిక' అని వ్యాఖ్య కూడా రాశాడు. మా పిల్లలకు ఆ పేరు వినగానే సేఫ్టీ ల్యాంపు గుర్తొస్తుంది. మంచిదే.

మెదక్ కొల్చారం వాడు మల్లినాథ సూరి. కాళిదాసును చదివే లోకమంతా ఆయన వ్యాఖ్య పట్టుకునే నడుస్తుంది. మూలంలో లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని ఆయన పెట్టుకున్న నియమం ఈనాటి పత్రికా కార్యాలయాల గోడల మీద రాయించదగ్గది. జగన్నాథ పండితరాయలు కోనసీమ ముంగండ వాడు, షాజహాన్ కొలువులో పండితరాజ బిరుదు పొందాడు. అప్పయ్య దీక్షితుల 'చిత్రమీమాంస'ను ఖండిస్తూ ఒక గ్రంథమే రాశాడు. 'రసగంగాధరం'లో ఉదాహరణకు ఇంకొకరి పద్యం తీసుకోకుండా తనవే పెట్టుకున్నాడు. కోనసీమ వాళ్లకు ఆ గీర ఇప్పటికీ ఉంది. ఉండనీ. అదే గోదావరి నీళ్లు, మేం ముందు తాగి పంపినవే.

శ్రీనాథుడు హంపీ విజయనగరం పోయి ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టును ఓడించి, అతని కంచుఢక్క పగలగొట్టించి, కనకాభిషేకం చేయించుకున్నాడని చెప్పుకుంటాం. విజయనగరం జిల్లా కలువరాయి వాడు అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి 1900లో, ఇరవై రెండేళ్లు నిండకుండానే, నవద్వీపం పండితుల సభలో నెగ్గి కావ్యకంఠ బిరుదు తెచ్చుకున్నాడు. నవద్వీపమంటే సామాన్యమా? నవ్యన్యాయానికి పుట్టిల్లు మిథిల అయితే మెట్టినిల్లు అది. మిథిలలో ఆ శాస్త్రానికి మూలమైన 'తత్త్వచింతామణి' ప్రతి రాసుకోనివ్వకపోతే, వాసుదేవ సార్వభౌముడు గ్రంథం మొత్తం కంఠస్థం చేసుకుని నవద్వీపానికి మోసుకొచ్చాడని కథ. కథే అనుకోండి, ఆ కథ చెప్పుకున్న జాతికి పుస్తకమంటే ఎంత ఆకలో తెలుస్తుంది కదా. విజయనగరంలోనే మహామహోపాధ్యాయ తాతా సుబ్బరాయశాస్త్రి 'శబ్దేందుశేఖరం' మీద 'గురుప్రసాదం' రాశారు. ఆయన వ్యాకరణం వారు, నేను తర్కం దాన్ని. వైయాకరణుల మీద మాకు చిన్న చురక ఎప్పుడూ ఉంటుంది. ఆయన ముందు మాత్రం నోరు మూసుకుంటాను.

అవధానాన్ని కూడా వాదానికి చుట్టంగానే చూస్తాను. నిషిద్ధాక్షరి చూడండి. అవధాని ఒక అక్షరం వేయగానే తర్వాత ఏ అక్షరం రాబోతుందో పృచ్ఛకుడు పసిగట్టి దాన్ని నిషేధిస్తాడు. అవధాని అతని ఊహను కూడా ఊహించి పక్కదారి తొక్కాలి. పద్యం రూపంలో జరిగే జల్పం అది. తిరుపతి వేంకట కవులు మీసం పెంచి, తమను గెలిచిన కవి ఎవరైనా ఉంటే దాన్ని తీసేసి మొక్కుతామని సవాలు చేశారు. కొప్పరపు సోదర కవులతో వాళ్ల పోరు తెలుగు పత్రికలను వేడెక్కించింది. నేను తిరుపతి వేంకట కవుల పక్షం. కొప్పరపు వారి అభిమానులు నన్ను క్షమించనక్కర లేదు, పూర్వపక్షం చెయ్యండి, చాలు.

మా తెలంగాణ గెలుపు ఒకటి చెప్పకపోతే నిద్ర పట్టదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకాయన పత్రికలో రాశాడు. సురవరం ప్రతాపరెడ్డి తిట్టలేదు, మీటింగు పెట్టలేదు. 1934లో 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేసి ముందు పెట్టాడు. శాస్త్రభాషలో చెబితే అది బాధితం: ప్రత్యక్షం ముందు ఎదుటి ప్రతిజ్ఞ కూలింది. ఇక ఓరుగల్లు కోవెల సంపత్కుమారాచార్య, భాషాశాస్త్రవేత్త చేకూరి రామారావు వచన పద్యం లక్షణం మీద వాదించుకున్నారు. ఇద్దరి వ్యాసాలూ 'వచన పద్యం: లక్షణ చర్చ' పేరుతో ఒకే పుస్తకంలో పక్కపక్కన అచ్చయ్యాయి. తెలుగులో వాదం ఎలా ఉండాలో చూపించడానికి నేను పిల్లలకు ఆ పుస్తకం అట్ట చూపిస్తాను. పరస్పరం ఒప్పుకోని ఇద్దరి పేర్లు ఒకే అట్ట మీద!

వాదం పేరు పెట్టుకున్న దొంగ సరుకు

ఇప్పుడు రాత్రి తొమ్మిదికి టీవీ పెట్టండి. 'డిబేట్' అని ఎర్రక్షరాలు. నలుగురు నాలుగు కిటికీల్లో. ఒకే సమయంలో నలుగురూ అరుస్తారు, అందరికంటే యాంకర్ ఎక్కువ అరుస్తాడు. నేను, బాపు పందెం వేసుకుని నిగ్రహస్థానాలు లెక్కపెడతాం. అడిగింది ఒకటి, చెప్పింది ఇంకొకటి: అర్థాంతరం. తన మాట తనే వదిలేశాడు: ప్రతిజ్ఞాహాని. "మీ హయాంలో జరగలేదా?" అన్నాడు: మతానుజ్ఞ, అంటే ఎదుటివాడి తప్పు చూపించబోయి తన తప్పు ఒప్పుకోవడం. ఇయర్‌ఫోన్ పీకేసి లేచిపోయాడు: విక్షేపం, పని ఉందని చెప్పి వాదం మధ్యలో తప్పుకోవడం. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే ఈ వేషాలన్నిటికీ పేర్లు పెట్టి, ఓడినట్టు లెక్క అని తీర్పు చెప్పి పెట్టారు. అవే ఇప్పుడు గెలుపు గుర్తులయ్యాయి. ఎవరు గట్టిగా అరిస్తే వాడి క్లిప్పు వాట్సాప్‌లో తిరుగుతుంది.

ఛలం, అంటే ఎదుటివాడి మాటకు అతను ఉద్దేశించని అర్థం అంటగట్టడం, ఆ సంగతి సరేసరి. 'నవకంబళం' అంటే కొత్త కంబళి అనే అర్థంలో ఒకడు చెబితే, "తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయి?" అని నిలదీయడం వాక్ఛలం. మంచెలు కేకలేస్తున్నాయి అంటే మంచె మీది మనిషి కేకలేస్తున్నాడని అర్థం చేసుకోవాలి, "మంచెకు నోరుందా?" అనడం ఉపచారఛలం. మా పొలాల మంచె ఎక్కిన ఏ రైతునడిగినా ఈ తేడా చెబుతాడు. టీవీ చర్చలో ఎదుటివాడి వాక్యం సగం కోసి పట్టుకుని రాత్రంతా ఊగడం ఇదే. దీనికి పాండిత్యమని పేరు, అధికార ప్రతినిధి అని హోదా.

స్కూళ్లు ఇంకో రకం. ఒక ప్రైవేటు బడిలో వక్తృత్వ పోటీకి నన్ను జడ్జిగా పిలిచారు. పిల్లలు వరుసగా వచ్చి టీచరు రాసిచ్చిన పేరాలు అప్పజెప్పి పోయారు. అనుకూలం పిల్ల మాట్లాడింది, వ్యతిరేకం పిల్ల మాట్లాడింది, ఒకరి మాట ఒకరు వినలేదు. నేను ఒక పాపను, "ఇందాక ఆ అమ్మాయి ఏమన్నది?" అని అడిగితే, "అది నా స్క్రిప్ట్ కాదు మేడం" అంది. ఏడుపొచ్చింది. నిర్వాహకులు నాకు శాలువా కప్పారు. మళ్లీ పిలవలేదు.

సంస్కృతం పరిస్థితి చెబితే ఇంకా సిగ్గు. ఇంటర్‌లో వేలకు వేల మంది సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకుంటారు. ఎందుకు? మార్కులు రాలుతాయని. నేను చదివిన కాలేజీలో 'రామ' శబ్దం ఏకవచనం కూడా సరిగ్గా చెప్పలేని వాళ్లకు వందకు దగ్గరగా వచ్చాయి. నాకూ వచ్చాయి. పరీక్షైన మర్నాడే పుస్తకం పాత పేపర్లతో పోయింది. అన్నంభట్టు భాష ర్యాంకుల మిల్లులో తవుడు అయిపోయింది. పదో తరగతి తర్వాత తెలుగు కూడా వదిలేసిన పిల్ల అటు తెలుగు రాక, ఇటు సంస్కృతం రాక, ఇంగ్లిషులో గ్రూప్ డిస్కషన్ కోచింగుకు ఫీజు కడుతుంది. అక్కడ నేర్పేదేమిటి? మాట అందిపుచ్చుకోవడం, మధ్యలో దూరడం. వినడం ఎవరూ నేర్పరు.

దోషం అంతా ఈ కాలందే అంటే అది నా పక్షపాతమే అవుతుంది. ఈ విద్యను చంపిన చేతుల్లో దాన్ని కాపాడినవాళ్ల చేతులూ ఉన్నాయి. బొగ్గుబాయి సర్దారు బిడ్డను ఒకప్పుడు ఏ పాఠశాల అరుగు ఎక్కనిచ్చేది? జనకుడి సభలో గార్గి లేచి యాజ్ఞవల్క్యుణ్ని నిలదీసింది. శంకరుడికీ మండనమిశ్రుడికీ మధ్య ఉభయభారతి తీర్పరిగా కూర్చుందని కథ. కథల్లో కూర్చోబెట్టి, బడిలో మాత్రం తలుపు వేశారు. మొదట్లో ఒక పండితుడి దగ్గరికి పోతే, "ఆడపిల్లకు తర్కమెందుకమ్మా, కావ్యం చదువుకో" అన్నారు. ప్రతిజ్ఞ ఉంది, హేతువు లేదు. ఆ మాట ఆయనకు చెప్పకుండా వచ్చేశాను. ఇప్పుడైతే చెప్పేదాన్ని.

తలుపు తీస్తే ఏమవుతుందో చూడాలంటే కర్ణాటకలో ముండ్‌గోడ్, బైలకుప్పె దాకా పోవాలి. అక్కడ టిబెటన్ మఠాల్లో భిక్షువులు ఇప్పటికీ చప్పట్లు చరిచి, కాలు నేలకేసి తొక్కి వాదం చేస్తారు. ఆ తర్కం దిఙ్నాగుడిదీ ధర్మకీర్తిదీ. మన దగ్గర నుంచి కొండలెక్కిపోయి, కాందిశీకులతో కలిసి మళ్లీ దక్షిణానికి దిగింది. వందల ఏళ్లు మగవాళ్లకే ఉన్న అత్యున్నత పట్టాను 2016లో 20 మంది సన్యాసినులు మొదటి బృందంగా అందుకున్నారు, గెషెమా అని. ఇల్లూ దేశమూ పోగొట్టుకున్నవాళ్లు చేయగలిగిన పని, గోదావరి గట్టున హాయిగా కూర్చున్న మనం చేయలేమా?

ఓపెన్ కాస్టా, బాయా

మా ఆదివారం తరగతిలో ఎక్కువసార్లు పెట్టే విషయం ఒకటుంది: బొగ్గు ఓపెన్ కాస్టులో తియ్యాలా, భూగర్భంలో తియ్యాలా? మా ప్రాంతంలో ఈ ప్రశ్న మీద మాట్లాడని ఇల్లు లేదు. ఓపెన్ కాస్టు అయితే ఊళ్లు లేచిపోతాయి, బ్లాస్టింగుకు గోడలు పగుళ్లు తీస్తాయి, దుమ్ము. కానీ టన్ను బొగ్గు చవకగా వస్తుంది. భూగర్భం అయితే ఎక్కువ మందికి పని, నేల మీద ఊరు మిగులుతుంది. కానీ ఖర్చెక్కువ, కప్పు కూలే భయం ఉంది. నా నియమం ఒక్కటే: ఎవరికి ఏది ఇష్టమో అడిగి, దానికి ఎదురు పక్షం అప్పగిస్తాను.

ఓపెన్ కాస్టులో ఊరు పోయిన ఇంటి పిల్ల ఒకతి ఉంది. ఆమెకు ఓపెన్ కాస్టు పక్షం ఇచ్చాను. ముందు ఏడ్చింది. "నేను చెప్ప అక్కా, మా తాత సమాధి గుడ పోయింది" అంది. బలవంతం చేయలేదు. రెండు వారాలు పోయాక తనే వచ్చి లేచి నిలబడి ఓపెన్ కాస్టు పక్షం మొత్తం చెప్పింది, ఎవరూ చెప్పనంత బాగా. తర్వాత తిరిగి తన పక్షానికి వచ్చి ఒక్కొక్కటీ విరగ్గొట్టింది. చివర్లో, ఆ పూట తరగతికి వచ్చి కూర్చున్న బాపు వైపు తిరిగి, "తాతా, కప్పు కూలుతదన్న మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు" అంది. బాపు చాలాసేపు ఏం మాట్లాడలేదు. "నా దగ్గర గుడ లేదు బిడ్డా" అన్నాడు.

గెలిచిందా ఓడిందా అని ఎవరూ అడగలేదు. గౌతముడు వాదమని దేనికి పేరు పెట్టాడో ఆ పిల్లలు ఆ పూట చూశారు.

ఇక నా విన్నపం. మంథనిలో, ధర్మపురిలో, చెన్నూరులో, ఇంకెక్కడైనా శాస్త్రం చదివి ఇంట్లో కూర్చున్న పెద్దలారా, మీ అటకల మీది తాటాకులు మాకు వద్దు, వాటిని భద్రపరిచేవాళ్లు వేరే ఉన్నారు. మీ నోట్లో ఉన్న పాఠం ఇవ్వండి. నెలకు ఒక్క గంట చాలు. ఎవరి బిడ్డ అని అడక్కుండా చెప్పండి. రిటైరైన సర్దార్లూ ఓవర్‌మెన్లూ, మీరూ రండి, బండ తట్టే విద్య మీ దగ్గరే ఉంది. సంస్కృతం మాస్టార్లారా, మార్కుల పాఠం అయ్యాక పది నిమిషాలు తర్కసంగ్రహం తెరవండి. పిల్లలు పారిపోరు, నేను చూశాను. తల్లిదండ్రులారా, మీ పిల్ల ఇంట్లో "ఎందుకు?" అని ఎదురు అడిగితే నోరు నొక్కవద్దు. హేతువు చెప్పండి, లేదా హేతువు లేదని ఒప్పుకోండి.

వచ్చే ఆదివారం పదింటికి తరగతి. బాపు కర్ర తెస్తానన్నాడు.